కొవ్వొత్తి మైనాలు

కొవ్వొత్తికి ఇంధనం మైనం. మామూలు వేడిలో గట్టిగా ఉండి, మంట సెగకు కరిగి, వత్తి గుండా పైకి పాకి, ఆవిరై మండే పదార్థం ఏదైనా ఈ పనికి వస్తుంది. అందుకే రసాయనశాస్త్రం ప్రకారం ఒకదానితో ఒకటి సంబంధం లేని పదార్థాలు బజారులో మైనం అన్న ఒక్క పేరు మీద చెలామణి అవుతున్నాయి. తేనెమైనం ప్రధానంగా ఎస్టర్ల మిశ్రమం. పారఫిన్ ముడి చమురు నుంచి తీసే హైడ్రోకార్బన్. స్టీరిన్ కొవ్వు ఆమ్లాల ముద్ద. సోయా, పామ్, కొబ్బరి మైనాలు గట్టిపరిచిన నూనెలు. ఈనాడు ప్రపంచంలో అమ్ముడుపోయే కొవ్వొత్తుల్లో ఎక్కువ భాగం పారఫిన్‌తోనో, పారఫిన్ పాలు ఎక్కువగా ఉన్న మిశ్రమాలతోనో చేసినవే.

వీటిలో ఏది మేలన్నది కొవ్వొత్తి ఎక్కడ ఉంటుంది, ఏ పని చేయాలి అన్నదాన్ని బట్టి మారుతుంది. చలిదేశంలో గాజు గ్లాసులో పోసి అమ్మే సువాసన కొవ్వొత్తికి పనికొచ్చిన మైనం, మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో రేకుల గదిలో పెడితే మెత్తబడి నూనె చిమ్ముతుంది. మైనం ఏ డిగ్రీల దగ్గర కరుగుతుంది, కరిగాక ఎంత చిక్కగా ఉంటుంది, గడ్డకట్టేటప్పుడు ఎంత కుంచించుకుపోతుంది అన్నవి ముందు చూడాలి. డబ్బా మీద రాసే ‘సహజం’, ‘స్వచ్ఛం’ అన్న మాటల సంగతి ఆ తర్వాత.

మంట పనిచేసే తీరు

వత్తి వెలిగించగానే దాని మొదట్లో చిన్న మడుగులా మైనం కరుగుతుంది. నూలు పోగుల సందుల్లోంచి ఆ ద్రవం పైకి ఎక్కి, మంట వేడికి ఆవిరవుతుంది. మండేది ఆ ఆవిరే. దీన్ని ఇంట్లోనే చూడవచ్చు. కొవ్వొత్తిని ఊది ఆర్పిన వెంటనే వత్తి నుంచి సన్నని తెల్లటి పొగ లేస్తుంది. అది నిజానికి చల్లబడుతున్న మైనపు ఆవిరి. వెలుగుతున్న అగ్గిపుల్లను వత్తికి తాకించకుండా, ఒక అంగుళం పైన ఆ పొగకు చూపితే చాలు, మంట పొగ వెంట కిందికి దూకి వత్తిని తిరిగి అంటించుకుంటుంది. మైకేల్ ఫారడే లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లలకు ఇచ్చిన క్రిస్మస్ ఉపన్యాసాల్లో కొవ్వొత్తినే అంశంగా తీసుకుని భౌతిక, రసాయన శాస్త్రాల మూలసూత్రాలన్నీ దాని చుట్టూ చెప్పాడు. 1861లో పుస్తకంగా వచ్చిన ఆ ఉపన్యాసాలను నేటికీ సైన్సు బోధనకు ఒరవడిగా చదువుతున్నారు.

మంటలోని పసుపు వెలుగు, పూర్తిగా కాలని కార్బన్ రేణువులు ఎర్రగా కాగి మెరవడం వల్ల వస్తుంది. ఆ రేణువులు మంట అంచుకు చేరేలోపు కాలిపోతే మసి ఉండదు, కాలకపోతే గోడ నల్లబడుతుంది. మామూలు కొవ్వొత్తి గంటకు 5 నుంచి 8 గ్రాముల మైనాన్ని తింటుంది. దాని నుంచి పుట్టే శక్తిలో దాదాపు అంతా వేడిగానే పోతుంది, వెలుగుగా మారేది బహు స్వల్పం.

వత్తి కుదరకపోతే ఎంత మంచి మైనమైనా చెడ్డపేరు తెచ్చుకుంటుంది. కరిగిన తేనెమైనం చిక్కగా ఉంటుంది కనుక దానికి లావు వత్తి కావాలి. అదే వత్తిని పారఫిన్‌లో పెడితే మంట ఎత్తుగా లేచి పొగ చిమ్ముతుంది. పారఫిన్‌కు సరిపోయే సన్నని వత్తిని తేనెమైనంలో పెడితే మంట మడుగులో మునిగి ఆరిపోతుంది.

జంతువుల కొవ్వు, తిమింగిలం, స్టీరిన్

యూరప్‌లో శతాబ్దాల పాటు సామాన్యుల ఇళ్లలో వెలిగినవి పశువుల, గొర్రెల కొవ్వుతో చేసిన వత్తులు. కాల్చినప్పుడు మాడు వాసన, జిడ్డు పొగ. మెలిపెట్టిన నూలు వత్తి కాలకుండా నిలబడిపోయేది కాబట్టి కొద్దిసేపటికోసారి కత్తెరతో దాని కొస తీసేయాల్సి వచ్చేది. కలిగినవాళ్లు, చర్చిలు తేనెమైనం వాడేవారు. 18వ శతాబ్దంలో స్పెర్మ్ తిమింగిలం తలలోని తెల్లని పదార్థం, స్పెర్మసెటి, ఆ వరుసలోకి వచ్చింది. ఎండకు వంగదు, వాసన లేదు, మంట నిలకడగా ఉంటుంది. ఇంగ్లండులో 1860 నాటి చట్టం వెలుగుకు కొలమానంగా ఈ కొవ్వొత్తినే నిర్ణయించింది. పౌనులో ఆరో వంతు బరువుండి గంటకు 120 గ్రెయిన్ల చొప్పున కాలే స్పెర్మసెటి కొవ్వొత్తి ఇచ్చే కాంతి ఒక క్యాండిల్ పవర్. ఈ మైనం కోసం సాగిన వేటలో తిమింగిలాల సంతతి తరిగిపోయింది. దాన్ని పొగిడేటప్పుడు ఈ సంగతి మరవకూడదు.

కొవ్వొత్తి చరిత్రను మలుపు తిప్పినవాడు ఫ్రెంచి రసాయనవేత్త మిషెల్ షెవ్రోల్. కొవ్వు అన్నది ఒక్క పదార్థం కాదనీ, గ్లిసరాల్‌కు అతుక్కున్న కొవ్వు ఆమ్లాల సమూహమనీ అతను తేల్చాడు. ఆ పరిశోధనల గ్రంథం 1823లో వచ్చింది. గ్లిసరాల్‌ను, ద్రవరూప ఆమ్లాలను తీసేస్తే మిగిలే గట్టి తెల్లని స్టీరిక్ ఆమ్లం చక్కగా మండుతుందని గుర్తించి, 1825లో గే లుసాక్‌తో కలిసి పేటెంట్ పొందాడు. అదే కాలంలో కంబాసెరెస్ వత్తిని జడలా అల్లడం కనిపెట్టాడు. అల్లిన వత్తి కాలుతూ ఒక పక్కకు వంగుతుంది. దాని కొస మంట వెలుపలి అంచున, గాలి బాగా తగిలే చోట బూడిదైపోతుంది. కత్తెర అవసరం అలా తీరిపోయింది. నేటి కొవ్వొత్తుల్లోనూ వత్తి కొస పక్కకు ఒరగడానికి కారణం ఈ అల్లికే.

ఇప్పుడు స్టీరిన్‌ను ఎక్కువగా పామాయిల్ నుంచి తీస్తున్నారు. శుద్ధ స్టీరిక్ ఆమ్లం 69 డిగ్రీల దగ్గర కరుగుతుంది. బజారులో దొరికే సరుకులో పామిటిక్ ఆమ్లం కూడా కలిసి ఉండడం వల్ల అది 54 నుంచి 56 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. మన దగ్గర ఒంటిగా వాడడం తక్కువ. పారఫిన్‌లో వందకు 5 నుంచి 15 పాళ్లు కలిపితే కొవ్వొత్తి పాలతెలుపుకు తిరిగి, గట్టిపడి, అచ్చు నుంచి సులువుగా ఊడి వస్తుంది. రాగి, ఇత్తడి పాత్రల్లో మాత్రం దాన్ని కరిగించకూడదు. ఆమ్లం లోహాన్ని తిని మైనాన్ని పచ్చబరుస్తుంది.

తేనెమైనం

కూలి తేనెటీగ పుట్టిన పన్నెండో రోజు నుంచి పద్దెనిమిదో రోజు వరకు దాని పొట్ట అడుగున ఉన్న ఎనిమిది గ్రంథులు మైనాన్ని స్రవిస్తాయి. సన్నని, పారదర్శకమైన పొలుసులుగా బయటపడే ఆ మైనాన్ని ఈగ కాళ్లతో అందుకుని, నోట నమిలి, పట్టు కడుతుంది. ఒక్కో పొలుసు బరువు సుమారు ఒక మిల్లీగ్రాము. కిలో మైనం తయారు కావడానికి ఈగలు 6 నుంచి 8 కిలోల తేనె తింటాయని అంచనా. దాని ధరకు కారణం ఇక్కడే ఉంది. కొత్తగా స్రవించిన మైనం తెల్లన. పసుపు రంగు పుప్పొడి నుంచి, ఈగలు చెట్ల నుంచి తెచ్చే జిగురు నుంచి వస్తుంది.

ఇది 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది. మన వేసవికి తట్టుకునే మైనాల్లో ముందు నిలిచేది ఇదే. నెమ్మదిగా కాలుతుంది, తేనె వాసన దానికి సహజంగానే ఉంటుంది. కొన్నాళ్లకు పైన తెల్లని నూగు పడితే బూజు అనుకుని పారేయనక్కర్లేదు. గోరువెచ్చని గాలి తగిలితే, మెత్తని గుడ్డతో తుడిస్తే పోతుంది. కల్తీ చేసిన మైనంపై ఈ నూగు సరిగా రాదని అనుభవజ్ఞులు చెబుతారు. కాథలిక్ సంప్రదాయంలో బలిపీఠం మీద వెలిగే కొవ్వొత్తుల్లో తేనెమైనమే అధిక భాగం ఉండాలన్న నియమం చాలాకాలం నడిచింది.

నల్లమలలో చెంచులు కొండ తేనె తీశాక మిగిలిన పట్టును వేడినీళ్లలో కరిగించి గుడ్డలో వడకడితే మైనం పైకి తేలి గడ్డకడుతుంది. దానికి కొవ్వొత్తి ఒక్కటే గిరాకీ కాదు. ఆదిలాబాద్ ప్రాంతపు ఓజాలు పోసే డోక్రా ఇత్తడి బొమ్మలకు ముందు రూపం ఇచ్చేది మైనమే. మట్టి పొదిగి కాల్చగానే మైనం కారిపోతుంది, ఆ ఖాళీలోకి కరిగిన లోహం పోస్తారు. ఆ కళకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కోరమండల్ తీరపు అద్దకపు బట్టల్లో రంగు అంటకూడని చోట మైనం పూసే పద్ధతీ పాతదే.

తేనెమైనంలో కల్తీ విపరీతం. చవకైన పారఫిన్ కలిపితే కంటికి తేడా తెలియదు. పట్టుకోవడానికి ఒక సులువైన మార్గం సాంద్రత. తేనెమైనం సాంద్రత 0.96 దాపుల్లో, పారఫిన్‌ది 0.90 దాపుల్లో ఉంటుంది. నీళ్లలో స్పిరిట్ కలుపుతూ, నిక్కమైన మైనపు ముక్క మునగడం మొదలయ్యే దాకా పలచన చేయాలి. అనుమానం ఉన్న ముక్కను అందులో వేస్తే, కల్తీదైతే తేలుతుంది. ప్రయోగశాలలో ఆమ్ల విలువ చూస్తారు. యూరప్ తేనెటీగ మైనానికి అది 17 నుంచి 24 వరకు ఉండాలి. మన కొండ తేనెటీగ మైనానికి సహజంగానే దానికన్నా బాగా తక్కువ. విదేశీ ప్రమాణాన్ని గుడ్డిగా పెట్టి కొలిస్తే అడవి నుంచి వచ్చిన నిఖార్సయిన మైనం కూడా కల్తీ కింద లెక్కవుతుంది. గిరిజనుల సరుకు కొనేవారు ఈ తేడా తెలుసుకుని తీరాలి.

పారఫిన్

కార్ల్ ఫాన్ రైఖెన్‌బాఖ్ 1830లో కట్టె తారు నుంచి పారఫిన్‌ను వేరుచేశాడు. జేమ్స్ యంగ్ 1850లో బొగ్గు నుంచి పారఫిన్ నూనె తీసే పద్ధతికి పేటెంట్ తీసుకుని స్కాట్లాండ్‌లో పరిశ్రమ నడిపాడు. పెట్రోలియం బావులు వచ్చాక తయారీ అంతా చమురు శుద్ధి కర్మాగారాలకు మారింది. కందెన నూనె చలికి పేరుకోకుండా ఉండాలంటే అందులోని మైనం తీసేయాలి. నూనెను ద్రావకంతో కలిపి చల్లబరిస్తే మైనం స్ఫటికాలుగా విడిపోతుంది. అందులో మిగిలిన నూనెను పిండి, హైడ్రోజన్‌తో శుద్ధి చేస్తే రంగూ వాసనా లేని పలకలు వస్తాయి. కొవ్వొత్తి పరిశ్రమ లేకపోయినా ఈ మైనం పుట్టేదే. దాన్ని పర్యావరణ శత్రువుగా చూపేవారు ఈ విషయం కూడా లెక్కలోకి తీసుకోవాలి. అయితే అది భూగర్భ చమురు నుంచి వచ్చేదే, మండితే వెలువడే కార్బన్ డయాక్సైడ్ కొత్తగా గాలిలో చేరేదే అన్నది కూడా అంతే నిజం.

భారతదేశంలో అస్సాంలోని దిగ్బోయ్ రిఫైనరీ 1901 నుంచి నడుస్తోంది. అదే రాష్ట్రంలోని నుమాలీగఢ్ రిఫైనరీలో 2015లో ఏటా 50 వేల టన్నుల సామర్థ్యంతో మైనం విభాగం మొదలైంది. ఒకప్పుడు పారఫిన్ దొరకడమే గగనం. నిత్యావసర సరుకుల చట్టం కింద 1972లో పారఫిన్ సరఫరా, పంపిణీ, ధరలపై కేంద్రం ప్రత్యేక ఉత్తర్వు తెచ్చింది. చిన్న తయారీదారులు కోటా మైనం కోసం కార్యాలయాల చుట్టూ తిరిగిన కాలం అది.

బస్తా మీద కనిపించే 58-60, 60-62 అన్న అంకెలు కరిగే డిగ్రీలే. పూర్తిగా శుద్ధి చేసిన రకంలో నూనె అర శాతానికి మించదు. సగం శుద్ధి రకంలో అంతకన్నా ఎక్కువ. నూనె ఎక్కువైతే కొవ్వొత్తి చెమర్చి, చేతికి జిడ్డు అంటి, వాసన కొడుతుంది. ముక్కను తెల్ల కాగితం మధ్య నొక్కి కాసేపు వెచ్చగా ఉంచితే నూనె మరక తేలిపోతుంది.

కుటీర పరిశ్రమలో పోత పని ఇలా సాగుతుంది. అల్యూమినియం అచ్చులో దారాన్ని పైనుంచి కిందికి బిగుతుగా లాగి, మైనాన్ని 70 నుంచి 75 డిగ్రీల వేడి మీద పోస్తారు. మరీ చల్లని అచ్చులో పోస్తే కొవ్వొత్తి ఒంటి మీద తెల్లని చారలు పడతాయి. పారఫిన్ గడ్డకట్టేటప్పుడు బాగా కుంచించుకుపోతుంది కనుక దారం చుట్టూ గుంట పడుతుంది. పైపొర పేరుకున్నాక, లోపలిది ఇంకా మెత్తగా ఉన్నప్పుడే ఆ గుంటను మళ్లీ మైనంతో నింపాలి. తొందరపడితే గుంట మళ్లీ పడుతుంది. ఆలస్యమైతే కొత్త మైనం పాతదానితో అతకదు, కాలేటప్పుడు ఆ చోట కొవ్వొత్తి చిటపటలాడుతుంది. కుంచించుకుపోయే ఈ గుణమే అచ్చు నుంచి ఊడి రావడానికి తోడ్పడుతుంది. నిలువు కొవ్వొత్తులకు పారఫిన్ ఇంతగా కుదరడానికి అదొక కారణం.

సోయా, కొబ్బరి, పామ్

సోయా మైనాన్ని అమెరికాలోని అయోవా రాష్ట్రానికి చెందిన మైకేల్ రిచర్డ్స్ 1991లో తేనెమైనానికి చవకైన ప్రత్యామ్నాయంగా రూపొందించాడు. నికెల్ ఉత్ప్రేరకం సమక్షంలో సోయా నూనెకు హైడ్రోజన్ పట్టిస్తే అది గట్టిపడుతుంది. వనస్పతి తయారయ్యే పద్ధతీ ఇదే. గాజు గ్లాసులకు వాడే సోయా మైనం 50 డిగ్రీల అటూ ఇటుగానే కరుగుతుంది. కుంచింపు తక్కువ కనుక గాజును అంటిపెట్టుకుని ఉంటుంది, అత్తరు నూనెల్ని బాగా పట్టుకుంటుంది. నిలువుగా నిలబడే కొవ్వొత్తికి ఈ రకం పనికిరాదు. కొన్నాళ్లకు పైన తెల్లని పొడలు లేస్తాయి. అది స్ఫటికాల అమరిక మారడమే తప్ప చెడిపోవడం కాదు. సోయా కొవ్వొత్తిని మొదటిసారి వెలిగించినప్పుడు మడుగు గాజు అంచు దాకా పాకే వరకు ఆర్పకూడదు. ముందే ఆర్పేస్తే మైనం అంచున గోడలా నిలిచిపోయి, వత్తి మధ్యలో బావి తవ్వుకుంటూ దిగిపోతుంది.

కొబ్బరి మైనాన్ని ఈమధ్య కొత్త సరుకుగా అమ్ముతున్నారు గానీ కొబ్బరి కొవ్వుతో కొవ్వొత్తులు చేయడం పాత విద్య. లండన్‌లో 1830లో మొదలైన ప్రైసెస్ కంపెనీ కొబ్బరి నూనెలోని గట్టి భాగాన్ని వేరుచేసే పేటెంట్ మీదే పుట్టింది, శ్రీలంకలో కొబ్బరి తోటలూ కొన్నది. 1840లో విక్టోరియా రాణి పెళ్లి నాటికి స్టీరిక్ ఆమ్లం, కొబ్బరి కొవ్వు కలిపిన చవక కొవ్వొత్తిని బజారులోకి తెచ్చింది. కొబ్బరి నూనె 24 డిగ్రీలకే కరిగిపోతుంది. హైడ్రోజన్ పట్టించినా మనిషి ఒంటి వేడికి కాస్త అటూ ఇటుగానే నిలుస్తుంది. అందువల్ల మరో గట్టి మైనం కలపకుండా దీనితో కొవ్వొత్తి చేయలేరు. ‘కొబ్బరి మైనం’ అని రాసి ఉంటే తక్కిన భాగం ఏమిటో అడగాలి.

పామ్ మైనం దాదాపు 60 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నెమ్మదిగా చల్లారనిస్తే ఒంటినిండా ఈకల్లాంటి స్ఫటికాలు విచ్చుకుని చూడముచ్చటగా ఉంటుంది. ఇండోనేషియా, మలేషియాల్లో తోటల కోసం అడవులు నరికారన్న అపవాదు దీన్ని వెంటాడుతోంది, అది నిరాధారం కాదు. దేశంలో ఆయిల్ పామ్ సాగుకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే ముందున్నాయి. ఏలూరు దగ్గరి పెదవేగిలో జాతీయ పరిశోధన సంస్థ కూడా ఉంది. అయితే ఇక్కడి నూనెకు వంటింటి గిరాకీయే తీరడం లేదు.

తవుడు నూనెను శుద్ధి చేసేటప్పుడు విడిపోయే తవుడు మైనం 77 నుంచి 82 డిగ్రీల దాకా గట్టిగా ఉంటుంది. వరి పండే మన నేల మీద దీన్ని ఇతర మైనాలకు గట్టిదనం ఇచ్చే మిశ్రమంగా వాడడానికి ఎంతో అవకాశముంది. బ్రెజిల్ తాటి జాతి ఆకుల నుంచి రాల్చే కార్నౌబా 82 డిగ్రీలు దాటితే గానీ కరగదు. చిటికెడు వేస్తే చాలు, కొవ్వొత్తికి మెరుపు వస్తుంది. జపాన్‌లో హాజె చెట్టు కాయల కొవ్వుతో, చైనాలో ఒక పురుగు స్రవించే మైనంతో చేసే సంప్రదాయ కొవ్వొత్తులు ఇంకా ఉన్నాయి. పారదర్శకంగా కనిపించే జెల్ కొవ్వొత్తుల్లో అసలు మైనమే ఉండదు. అది పాలిమర్‌తో పేరబెట్టిన ఖనిజ నూనె.

పొగ, ఆరోగ్యం

పారఫిన్ పొగ విషమనీ, సోయా మైనానికి పొగే ఉండదనీ వ్యాపారులు చేసే ప్రచారం నమ్మదగ్గది కాదు. ఏ మైనమైనా కార్బన్, హైడ్రోజన్ ఉన్న పదార్థమే. సరిగా మండితే నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి, సరిగా మండకపోతే మసి వస్తుంది. 2007లో జర్మనీలో పారఫిన్, స్టీరిన్, సోయా, పామ్, తేనెమైనాలను పక్కపక్కన కాల్చి చూసినప్పుడు వెలువడినవాటిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ పరీక్ష కొవ్వొత్తి పరిశ్రమ పూనికతో జరిగిందన్న సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. అయినా దహన రసాయనం చెప్పేదానికి ఆ ఫలితం విరుద్ధం కాదు. నిజంగా హాని చేసింది సీసపు తీగ పెట్టిన వత్తి. అమెరికా 2003లో దాన్ని నిషేధించింది. మూసిన గదిలో గంటల తరబడి వెలిగించే సువాసన కొవ్వొత్తులు ఆస్తమా ఉన్నవారికి ఇబ్బంది కలిగిస్తాయి. వత్తిని పావు అంగుళానికి కత్తిరించి, ఫ్యాను గాలి తగలకుండా పెడితే ఏ మైనానికైనా మసి తగ్గుతుంది.

మన ఎండల్లో ఏది వాడాలి

కరెంటు పోయినప్పటి కోసం అటక మీద నెలల తరబడి ఉంచే కొవ్వొత్తికి 58 డిగ్రీలకు పైన కరిగే పారఫిన్‌లో స్టీరిక్ ఆమ్లం కలిపినదే ఉత్తమం. చవక, వంగదు, ఎప్పుడు తీసినా వెలుగుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖ వాసులు రోజుల తరబడి చీకట్లో గడిపినప్పుడు ఆదుకున్నది ఇలాంటిదే. గుణదల మాత ఉత్సవాల్లోనూ, సమాధుల పండగ నాడు ఆరుబయట వెలిగించడానికీ ఇదే సరైనది. దీపావళికి ప్రమిదలో పోసి అమ్మే మైనానికి పాత్ర ఆధారం ఉంటుంది కనుక కాస్త మెత్తని రకమైనా ఫరవాలేదు. సోయా కొవ్వొత్తి కొంటే ఏప్రిల్ నుంచి జూన్ దాకా దాన్ని చల్లని చోట దాచాలి, ఎండలో ఆపిన కారులో వదలకూడదు. ఖర్చుకు వెనకాడని ఇంటికి, ప్రార్థన మందిరానికి తేనెమైనం అన్నింటికన్నా గొప్పది, నమ్మకమైన చోట కొంటేనే.

ఇంట్లో కొవ్వొత్తులు చేసేవారికి ఒక మనవి. మైనాన్ని నేరుగా పొయ్యి మీద పెట్టకండి, నీళ్లు కాగుతున్న గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించండి. 200 డిగ్రీలు దాటితే పారఫిన్ ఆవిరి నిప్పు అందుకుంటుంది. అలా అంటుకుంటే నీళ్లు పోయకండి, మండే మైనం ఎగిరి మీద పడుతుంది. పొయ్యి ఆపి, గిన్నెకు మూత వేసేయండి.